ఊరందరికీ సలహాలు చెబుతాను, మా ఇంట్లోనే...

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక పత్రికకు నాలుగేళ్లుగా వారం వారం సలహాల శీర్షిక రాస్తున్నాను. గత నెల ఒకరికి జవాబిస్తూ, ఖాళీ పాల ప్యాకెట్లు కడిగి బాల్కనీలో క్లిప్పులు పెట్టి ఆరేసే పెద్దావిడ గురించి సరదాగా రాశాను. పేరు పెట్టలేదు. మా అత్తగారు చదివారు. ఆ రోజు నుంచి ప్యాకెట్లు ఆరేయడం మానేశారు, నాతో ముభావంగా ఉంటున్నారు. మావారేమో 'నాతో కూడా ఉత్తరానికి జవాబు రాసినట్టే మాట్లాడతావు' అంటున్నారు. ఒకటే టెన్షన్. రాయడం మానేయమంటారా?
– ఓ సోదరి, వనస్థలిపురం

జవాబు: మానేయొద్దమ్మా. ఇంట్లో గొడవలున్నవాళ్లు సలహాలు చెప్పకూడదంటే నాతో సహా ఎవరమూ పెన్ను పట్టలేం. రచయిత్రి మాలతీ చందూర్‌గారు ఆంధ్రప్రభ వారపత్రికలో 1952లో మొదలుపెట్టిన సలహాల శీర్షిక 'ప్రమదావనం' దాదాపు 47 ఏళ్లు నడిచింది. గుట్టు దాస్తారన్న నమ్మకం లేనిదే అన్నేళ్లు ఎవరు ఉత్తరాలు రాస్తారు? మీరూ రాసినవాళ్ల ఊరు, వయసు మార్చే అచ్చుకిస్తారు కదా. ఆ జాగ్రత్త అత్తగారి దగ్గర మరిచారు. పేరు లేకపోతేనేం, మీ బాల్కనీ అపార్ట్‌మెంట్ అంతటికీ కనిపిస్తుంది.

'మీరు నొచ్చుకున్నట్టున్నారు' అంటూ మొదలుపెట్టకండి, అది మన శీర్షిక భాష. 'అత్తయ్యా, మిమ్మల్ని అడక్కుండా రాశాను, తప్పయింది' అంటే చాలు. పత్రికలో మాత్రం క్షమాపణ వేయొద్దు. తెలియనివాళ్లకూ తెలుస్తుంది. ఆవిడ వెంటనే మెత్తబడతారని మాత్రం చెప్పలేను.

మీవారన్న జబ్బు నాకూ ఉంది. ప్రమోషన్ రాలేదని మా ఆయన చెప్పగానే నేను మూడు మార్గాలు వివరించాను. అంతా విని, 'ముందు కాస్త టీ పెడతావా?' అన్నారు. ఇప్పుడు ఆయన అడిగితే తప్ప మార్గాలు చెప్పను. నోరు దురదపెడుతుంది, అది వేరే సంగతి.

మీరు అడగని మాట ఒకటి. 'చచ్చిపోవాలనుంది' అని వచ్చే ఉత్తరాన్ని వచ్చే సంచిక దాకా ఆపకండి. ఆ రోజే ఎడిటర్‌కు చెప్పి, ఫోన్ నంబరుంటే మాట్లాడండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరివ్వండి. రాత్రయినా పగలైనా పలుకుతారు, తెలుగులోనే, ఉచితంగా. అలాంటివి చదివిన రోజు నేరుగా ఇంటికి పోకండి. ఎల్బీనగర్‌లో మెట్రో దిగాక కాసేపు నడిచి, ఆ తర్వాత ఆటో ఎక్కండి.