రంగం గది గురించి ఇంకా రాయమ్మా

చిరంజీవి పాపకి,

మీ ఇంటి చరిత్ర గురించి నువ్వు రాసి పంపిన ఫైల్ నిన్న రాత్రి ఒకసారి, పొద్దున్న టీ తాగుతూ ఇంకోసారి చదివాను. ఒడియా మీడియంలో చదువుకుని, మామ్మ దగ్గర కూర్చుని గుణింతాలు నేర్చుకున్న పిల్ల పదకొండు పేజీలు తెలుగులో టైప్ చేసి పంపితే బరంపురంలో ఉన్న నాకు ఎంత సంతోషమో నీకు ఎలా చెప్పను. దీర్ఘాలు, ఒత్తులు అక్కడక్కడా పోయాయి, అవి ఒక పూట కూర్చుంటే సరి అయిపోతాయి, వాటికోసం బెంగపడకు.

అసలు సంగతికి వస్తా. పదకొండు పేజీల్లో ఏడు పేజీలు మీ ముత్తాత గొప్పతనమే ఉంది. పదిమందికి అన్నం పెట్టాడు, రాజావారు కుర్చీ వేసి కూర్చోబెట్టారు, తుఫానులో నావ నడిపాడు అని. నిజమే అయ్యుంటుంది, నేను కాదనను, కానీ గంజాం నుంచి పూరీ దాకా ఏ పాత ఇంటికెళ్ళినా వీధిలో కూర్చోబెట్టి ఇదే చెప్తారు తల్లీ, పేరు మారిస్తే ఇంకో ఇంటికి సరిపోతుంది. ఆరో పేజీలో మాత్రం ఒక్క లైన్ రాసి దాటేశావు, వెనకవైపు గదిని రంగం గది అంటారు, ఇప్పుడు అందులో వలలు పెడుతున్నాం అని. అక్కడ నేను ఆగిపోయాను. ఈ మాట ఇంకో ఇంటికి సరిపోదు.

రంగం అంటే రంగూన్ అని నీకు తెలుసు కదా. మన గోపాలపురం రేవులో స్టీమరు ఎక్కి గంజాం, విశాఖపట్నం జిల్లాల జనం వేలకి వేలు కూలికి, బేరానికి బర్మా వెళ్ళేవారు. 1941 డిసెంబర్ 23న రంగూన్ మీద జపాన్ వాళ్ళ బాంబులు పడ్డాయి, 1942 మార్చిలో ఊరు వాళ్ళ చేతికి పోయింది, ఆ మధ్యలో ఓడ దొరికినవాళ్ళు ఓడల్లో, దొరకనివాళ్ళు అరకాన్ కొండలమీద, మణిపూర్ దారిలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చారు, దారిలోనే పోయినవాళ్ళు ఎంతమందో. మరి చిలిక సరస్సులో ఒక లంక ఊళ్ళో, ఎండు రొయ్యల బేరం చేసుకునే ఇంట్లో, ఒక గదికి రంగం గది అని పేరు ఎందుకొచ్చింది? రంగం డబ్బుతో కట్టారా, లేక రంగం నుంచి వచ్చినవాళ్ళ కోసం కట్టారా? ఈ రెండూ రెండు వేరే కథలు.

నువ్వు పంపిన ఫోటోల్లో నాలుగోది పెద్దది చేసి చూడు. అసలు ఇంటి గోడ, ఆ గది గోడ కలిసేచోట పైనుంచి కింద దాకా నిటారుగా ఒక సందు ఉంది, వేలు దూరేంత. ఇటుకలు ఒకదాంట్లో ఒకటి పెనవేసుకుని లేవు, పాత గోడ పక్కన కొత్త గోడ ఆనించి నిలబెట్టారు అంతే. అంటే ఇల్లు కట్టాక ఆ గది కలిపారు, తొందరలో కలిపారేమో కూడా. ఆ సందు దగ్గర సున్నం పెచ్చు ఊడినచోట తెల్లగా చిన్న చిన్న గవ్వల ముక్కలు కనిపిస్తున్నాయి చూశావా, అది గుల్ల సున్నం, గుల్లలు కాల్చి చేసేది. గదికి కూడా అదే సున్నం వాడారా, వేరేదా, గోరుతో గీకి చూసి చెప్పు. నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

నేను నీకు చెప్పాలనుకున్నది ఇదొక్కటే పాపా. ఇల్లు ఎవరు కట్టారు అనేది ఒక్కరోజు సంగతి. ఎవరు ఎప్పుడు ఎక్కడ అతుకు వేశారు, ఏ కిటికీ మూసేశారు, ఏ గది పెంచారు, డబ్బు ఎక్కడ్నుంచి తెచ్చారు, చరిత్రంతా అక్కడ దాక్కుని ఉంటుంది. నేను పాతికేళ్ళ వయసులో మా అమ్మమ్మగారి ఇంటిమీద వ్యాసం రాశాను, మా పెద్దతాత జమీందారుతో సమానంగా బతికాడు అనే రాశాను, అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ ఇంట్లో పడమటి గదికి ఇటుకలతో మూసేసిన కిటికీ ఒకటి ఉండేది. ఎందుకు మూశారు అని అమ్మమ్మని ఒక్కసారి అడగలేదు, పక్కనే పడుకునేదాన్ని, అడగలేదు. ఆవిడ పోయాక ఇంక చెప్పేవాళ్ళు లేరు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ కిటికీయే కనిపిస్తుంది నాకు.

రెండో విషయం, తారీఖులు. మీ పెట్టెలో ఉన్న తాటాకు మీద 25వ అంకం అని ఉంది కాబట్టి రాజుగారి ఏలుబడిలో 25వ ఏట ఇల్లు కట్టారు అని రాశావు. అంకం లెక్క అలా ఉండదు. పూరీ గజపతి రాజుల ఏలుబడి ఏళ్ళు లెక్కపెట్టే అంకం 2తో మొదలవుతుంది, 6తో అయ్యే అంకెలు లెక్కలో ఉండవు, 10 తప్ప సున్నాతో అయ్యేవీ ఉండవు. అలా 1, 6, 16, 20 తీసేస్తే 25వ అంకం అంటే 21వ ఏడు. ఏ రాజు అనేది కూడా ఆకు మీదే చదువు, అంకం పక్కనే పేరు ఉంటుంది. ఇంకోటి, నువ్వు రాసినదాన్ని బట్టి ఆ ఆకు నేల ఇచ్చినట్టు చెప్తోంది, ఇల్లు కట్టినట్టు కాదు. మరి కలప కొన్న చిట్టా ఉంది కదా, తెలుగులో, గంజాం వైపు వర్తకుడిది, దానిమీద ఫసలీ 1335 అని ఉందన్నావు. ఫసలీ అంటే శిస్తు లెక్కల ఏడు, దానికి 590 కలుపుకో, అంటే 1925 జూలై నుంచి 1926 జూన్ లోపల. నేల పాతది, ఇల్లు దానికన్నా చాలా కొత్తది. రెండొందల ఏళ్ళ ఇల్లు అని మొదటి లైన్లో రాశావు, తీసెయ్యి. బాధపడకు, తీసేస్తే ఇంటి విలువ తగ్గదు.

పైగా చూడు, ఒకే పెట్టెలో అంకం వేసిన ఒడియా ఆకు, ఫసలీ వేసిన తెలుగు చిట్టా! 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు కింద ఉండేది, పూరీ మొదట బెంగాల్ కింద, 1912 నుంచి బీహారు-ఒరిస్సా కింద. ఆ సరిహద్దు చిలిక నీళ్ళలోంచే పోయేది. మీ వాళ్ళు నావలో అటూ ఇటూ తిరిగి బేరం చేసిన మనుషులు, వాళ్ళ పెట్టెలో రెండు పంచాంగాలూ ఉన్నాయి. ఇది నువ్వు మాత్రమే రాయగలవు, ఎందుకంటే ఆ ఊళ్ళో ఆ రెండు కాగితాలూ చదవగలిగినవాళ్ళు నువ్వూ మామ్మా తప్ప ఇంకెవరూ లేరని నువ్వే అన్నావు.

2001లో పెంకు తీసి స్లాబ్ వేశారు అని రాశావు, డబ్బు ఎక్కడిది అని రాయలేదు. 2000 సెప్టెంబర్లో సాతపడ వైపు సముద్రానికి కొత్త ముఖం తవ్వారు, అంతకుముందు చిలిక మూసుకుపోయి, ఉప్పు తగ్గి, నాచు పట్టి, చేప తగ్గిపోయింది, తవ్వాక మళ్ళీ పుంజుకుంది. మీ స్లాబ్‌కీ దానికీ సంబంధం ఉందేమో తాతని అడుగు, ఉంటే ఉందని రాయి, లేకపోతే లేదు. 2013 అక్టోబర్లో ఫైలిన్ తుఫాను తర్వాత బాబాయి కింద గోడలకి సిమెంట్ ప్లాస్టరింగ్ చేయించాడు కదా, ఇప్పుడు అది పలకలు పలకలుగా ఊడుతోంది. సున్నం గోడ చెమ్మని, ఉప్పుని బయటికి వదిలేస్తుంది, సిమెంట్ వదలదు, లోపల ఇటుకని తినేస్తుంది. బాబాయి ఇంటిని కాపాడాలనే చేశాడు, తప్పు పట్టినట్టు రాయకు, జరిగింది జరిగినట్టు రాయి.

భాష సంగతి. పిండా అని ఒకచోట రాసి, తర్వాత పేజీలో అరుగు అని దిద్దావు. అగణాని ప్రాంగణం చేశావు. ఎవరు చెప్పారు అలా మార్చమని? మీ ఇంట్లో పిండా అంటే పిండా అనే ఉంచు. పర్లాకిమిడిలో ఉండి జనం మాట్లాడే తెలుగే రాయాలని ఏళ్ళతరబడి పోరాడిన గిడుగు రామ్మూర్తి పంతులుగారి ప్రాంతం పిల్లవి నువ్వు, ఆయన 1936లో ఆ ఊరు ఒడిశాలో కలిసినప్పుడు రాజమండ్రి వెళ్ళిపోవాల్సొచ్చింది, మనం ఇక్కడే మిగిలాం. ఇక్కడ మిగిలినవాళ్ళ తెలుగులో ఒడియా కలుస్తుంది, అది మన తెలుగే.

వచ్చే నెల ఇంటికి వెళ్తున్నావు కదా, సాతపడ నుంచి జహ్నికుద ఫెర్రీలోనే కదా. సంచిలో ఒక టేపు పెట్టుకో. రంగం గది గుమ్మం ఎత్తు, అసలు ఇంటి గుమ్మం ఎత్తు రెండూ కొలిచి నాకు పంపు. వలలన్నీ ఒకరోజు బయటికి తీయించి, గది ఊడ్పించి, మామ్మని లోపల కూర్చోబెట్టు. ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టి నువ్వు ఊరుకో, ప్రశ్నలు తర్వాత. ఆవిడ ఏ గోడ వైపు తిరిగి కూర్చుంటుందో అది కూడా రాసుకో.

ఆశీస్సులతో,
పిన్ని