బొమ్మంటే భయం వేయలేదు, మరి ఏడుపెందుకు వచ్చింది?

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొన్న ఆదివారం అబిడ్స్‌లో పాత పుస్తకాలు చూస్తుంటే, పదేళ్లప్పుడు నన్ను వణికించిన ‘నైట్ ఆఫ్ ద లివింగ్ డమ్మీ’ కనిపించింది, గూస్‌బంప్స్ అనే పిల్లల భయం కథల వరసలోని నవల. స్లాపీ అనే చెక్కబొమ్మకు ప్రాణమొచ్చి ఇంటిల్లిపాదినీ పీడించే కథ. 1997 వేసవిలో గుంటూరులో పెద్దమ్మ వాళ్లింట్లో ఉన్నప్పుడు, సెలవులకు వచ్చిన అన్నయ్య ఇచ్చాడు. అమ్మకు ఆపరేషన్ అని నన్ను అక్కడ వదిలారు. ఏం ఆపరేషనో ఎవరూ చెప్పలేదు. ఫోన్ మోగితే చాలు, నన్ను బయటికెళ్లి ఆడుకోమనేవారు. రాత్రిళ్లు బొమ్మ కనిపిస్తోందని చెబితే పెద్దమ్మ ఆంజనేయ దండకం చదువుకుని పడుకోమనేది, పెదనాన్న నవ్వేవారు. ఇప్పుడు పుస్తకం కొని ఆ రాత్రే చదివేశాను. భయం వేయలేదు. కానీ బొమ్మ చేసిన పనులకు అమ్మానాన్నలు ఆ ఇంటి పిల్లను తిట్టే చోట వెక్కివెక్కి ఏడ్చాను. పది రోజులుగా నిద్ర సరిగా లేదు. ‘పిల్లల పుస్తకానికి ఇంత సీనా’ అంటున్నారు మావారు. మా తొమ్మిదేళ్ల బాబు చదువుతానంటే దాచేశాను. అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది, ఆరోగ్యంగానే ఉంది. నాకేమైంది?
– ఒక సోదరి

సమాధానం: మీ ఉత్తరంలో బొమ్మ గురించి ఉన్నది ఒకటి రెండు మాటలే. పెద్దమ్మ ఇల్లు, ఫోన్, బయటికి పంపడం, నవ్వడం, వీటికే చాలా చోటిచ్చారు. మీరు గమనించారో లేదో!

ఇంకో సంగతి. స్లాపీ ఇంటిల్లిపాదినీ పీడించాడని రాశారు. ఆ పుస్తకం నేనూ చదివాను, మా అమ్మాయి పుణ్యమా అని. అందులో అల్లరంతా చేసేది రెండో బొమ్మ, మిస్టర్ వుడ్. స్లాపీ నోరు విప్పేది చివరి పేజీలో. మీరు పది రోజుల కిందటే చదివారు, అయినా ఉత్తరం రాసేటప్పుడు పాత జ్ఞాపకమే కలంలోకి వచ్చింది. ఇందులో మీ తప్పేమీ లేదు. జ్ఞాపకం అంటే బీరువాలో పెట్టిన ఫొటో కాదు, తలుచుకున్న ప్రతిసారీ మనసు మళ్లీ అల్లుకునేది. తర్వాతి పుస్తకాల్లో, టీవీలో స్లాపీయే పేరు మోశాడు కాబట్టి మీ మనసు నేరమంతా వాడి మీదకు నెట్టేసింది. అలాగే ఆ వేసవిలో మీకున్న భయాన్నంతా ఈ పుస్తకం మీదకు నెట్టిందని నాకు అనిపిస్తోంది.

పదేళ్ల పిల్లకు బొమ్మ లేచి వస్తుందన్న భయం ఎంత? నాలుగైదేళ్ల పిల్లలు బూచాడికి జడుస్తారు. తొమ్మిది, పదికి వచ్చేసరికి జబ్బు, ఆస్పత్రి, అమ్మ తిరిగి రాదేమో లాంటి నిజమైన భయాలు మొదలవుతాయి. మీకు ఆ భయం వచ్చింది, అడగడానికి మాత్రం మనిషి లేడు. ‘అమ్మ చచ్చిపోతుందా?’ అని నోరు తెరిచి అడిగే ధైర్యం ఏ పిల్లకుంటుంది? బొమ్మంటే భయమని చెప్పుకోవచ్చు కదా, అదే చెప్పారు. వాళ్లు బొమ్మ గురించే విన్నారు. పెద్దమ్మను తప్పుపట్టను, దండకమూ మంచిదే. దండకం చెప్పించి పక్కన పడుకుని ఉంటే ఇంకా బాగుండేది.

ఇప్పుడు మీ ఏడుపు సంగతి. కథ గుర్తుంది కదా. క్రిస్, లిండీ కవలలు. మొదట్లో బొమ్మ కదిలినట్టు చేసి క్రిస్‌ను హడలగొట్టింది లిండీయే, అంతా ఆటపట్టించడానికి. అందుకే నిజంగా బొమ్మకు ప్రాణమొచ్చాక క్రిస్ ఎంత మొత్తుకున్నా ఇంట్లో ఎవరూ నమ్మరు. బడిలో కచేరీ రోజు బొమ్మ చేసిన నిర్వాకానికి తిట్లన్నీ ఆ పిల్లకే. దీని రచయిత ఆర్.ఎల్. స్టైన్ 1992లో మొదలుపెట్టి 1997 దాకా గూస్‌బంప్స్ వరసలో 62 పుస్తకాలు రాశారు, ఇది ఏడోది, 1993లో వచ్చింది. ఎన్నో కథల్లో ఇదే తంతు: పిల్లలు చెబుతారు, పెద్దలు వినరు. దెయ్యం కంటే అదే పిల్లలకు గుచ్చుకుంటుందని నా అనుమానం. మీకు సరిగ్గా అక్కడే కన్నీళ్లొచ్చాయి. అప్పుడు ఏడవని ఏడుపు ఇరవై ఎనిమిదేళ్లు ఆలస్యంగా వచ్చింది, అంతే. మీకు పిచ్చీ లేదు, మీ ఇంట్లోకి ఏ గాలీ రాలేదు.

అమ్మతో మాట్లాడండి. ‘నన్నెందుకు వదిలేశారు’ అని మొదలుపెట్టకండి, ఆవిడ వెంటనే సంజాయిషీలోకి వెళ్లిపోతారు. మధ్యాహ్నం పూట చిక్కుళ్లు ఒలుస్తూనో, బట్టలు మడతపెడుతూనో ‘అమ్మా, ఆ ఎండాకాలం నీకేం ఆపరేషన్ అయింది? నీకు భయమేసిందా?’ అని అడగండి. ‘చిన్నపిల్లవి, నీకెందుకు చెబుతాం’ అనే జవాబు రావచ్చు. నొచ్చుకోకుండా, ‘నువ్వు రావేమో అనుకున్నానమ్మా’ అని ఒక్క మాట చెప్పి ఊరుకోండి. ఆ మాట ఆవిడ ఎప్పుడూ విని ఉండరు. ఆ తర్వాత ఏం చెప్పాలో ఆవిడే చూసుకుంటారు.

మీవారు ‘ఇంత సీనా’ అన్నారని బాధపడ్డారు. ఆయనకు మీరు పుస్తకం కథ చెప్పినట్టున్నారు, గుంటూరు కథ చెప్పండి.

నిద్ర విషయంలో అశ్రద్ధ చేయొద్దు. ఇంకో వారం, పది రోజులు చూసినా ఇలాగే ఉంటే, లేదా గుండెదడ, ఆఫీసులో పని సాగకపోవడం లాంటివి ఉంటే మానసిక వైద్యులను కలవండి. వెంటనే వెళ్లాలంటే బెరుకుగా ఉంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

ఇక బాబు. పుస్తకం దాచేస్తే వాడు దాన్ని వెతుకుతాడు, లేకపోతే అందులో ఏముందోనని అసలు కథ కంటే భయంకరంగా ఊహించుకుంటాడు. ఈ పుస్తకాలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వాళ్ల కోసం రాసినవే. అధ్యాయం చివర గుండె ఝల్లుమంటుంది, పేజీ తిప్పితే చాలాసార్లు తుస్సుమంటుంది. భయం ఎక్కడం, దిగడం పిల్లలకు అలా అలవాటవుతుంది, ఊయల మీద ఎత్తుకు వెళ్లొచ్చినట్టు. తీసి ఇవ్వండి. పగటి పూట, మీరు పక్కన కూర్చుని, రోజుకు రెండు మూడు అధ్యాయాలు చాలు. వాడు ఆపుదామంటే ఆపేయండి, ‘అంత పిరికివాడివా’ అని మాత్రం ఎవరూ అనకూడదు, వాళ్ల నాన్నతో సహా. రాత్రి మీ గదిలోకి వచ్చి పడుకుంటానంటే పడుకోనివ్వండి. బొమ్మంటే భయమేస్తోందని వస్తే, బొమ్మ ఒక్కటేనా, ఇంకేమైనా ఉందా అని నెమ్మదిగా అడగండి. బడిలో ఎవరో ఏడిపిస్తున్నారని బయటపడవచ్చు, అమ్మ రాత్రిళ్లు ఎందుకు ఏడుస్తోందో అని వాడు దిగులుపడుతూ ఉండవచ్చు. దానికి మాత్రం నిజమే చెప్పండి, వాడికి అర్థమయ్యేంత.

చివరి పేజీలో స్లాపీ సంగతి మాత్రం ముందే చెప్పేయకండి.