స్నేహితురాలి ఉత్తరానికి ఏమని జవాబు రాయాలి?

హనుమకొండలో ఇంటర్మీడియట్ పూర్తిచేసి, జర్మనీలో నర్సింగ్ శిక్షణలో చేరిన ఒక చెల్లెలి సందేహం ఇది. ఆమె స్నేహితురాలు వరంగల్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివి అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తున్నారు. "నేను కూడా రావచ్చా?" అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నారట. కష్టాలు రాస్తే రావద్దంటున్నట్టు అనుకుంటారేమో, మంచి మాత్రమే రాస్తే నమ్మి అప్పు చేసి బయలుదేరుతారేమో అని ఈ చెల్లెలి బెంగ.

ఆ బెంగ న్యాయమైనదే. ఊళ్లో ఉన్నవారు ఏజెంటు మాట కన్నా స్నేహితురాలి మాటనే ఎక్కువగా నమ్ముతారు. అందుకే మీ అనుభవాన్ని ఉన్నది ఉన్నట్టు రాయండి, కాని మీరు వచ్చిన దారే ఆమెకూ సరిపోతుందని మాత్రం రాయకండి. మీ ఇద్దరి దారులు వేరు.

మీరు చేరినది ఔస్బిల్డుంగ్, అంటే జీతంతో కూడిన మూడేళ్ల శిక్షణ. 2020 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం అందులో కనీసం 2,100 గంటల తరగతులు, 2,500 గంటల ఆసుపత్రి పని ఉంటాయి. ఆమె ఇప్పటికే డిగ్రీ చేతిలో ఉన్న నర్సు. ఆమె మళ్లీ మొదటి నుంచి మూడేళ్లు చదవాల్సిన అవసరం లేదు, తన చదువుకు ఇక్కడ జర్మనీలో గుర్తింపు కోరుతూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ గుర్తింపును ఇచ్చేది జర్మనీలోని ఆయా రాష్ట్రాల అధికారులు కనుక పద్ధతి అన్నిచోట్లా ఒకేలా ఉండదు. వారు మన సిలబస్‌ను ఇక్కడి సిలబస్‌తో పోల్చి, తక్కువైనది ఏమిటో రాతపూర్వకంగా చెబుతారు. ఆ లోటును అదనపు శిక్షణతోనైనా, పరీక్ష రాసైనా పూడ్చుకోవచ్చు. గుర్తింపు చేతికి వచ్చేదాకా సాధారణంగా సహాయకురాలి హోదాలో, తక్కువ జీతానికి పనిచేయాలి. జర్మన్ భాషలో బీ2 స్థాయి, అంటే పని గురించి తడబడకుండా మాట్లాడి రాయగలిగే స్థాయి కూడా కావాలి. ఈ సంగతులు తెలియక, డిగ్రీ ఉండి కూడా ఔస్బిల్డుంగ్‌లో చేరినవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

డబ్బు గురించి దాచకండి. ప్రభుత్వ రంగ వేతన ఒప్పందం వర్తించే ఆసుపత్రుల్లో శిక్షణ మొదటి ఏడాదిలోనే నెలకు 1,300 యూరోలకు పైగా ఇస్తారు. ఊళ్లో ఆ అంకెను రూపాయల్లోకి మార్చి లెక్కవేస్తారు కాబట్టి, అందులో దాదాపు ఐదో వంతు ఆరోగ్య బీమాకు, పింఛనుకు, ఇతర బీమాలకు పోతుందనీ, మిగిలిన దాంట్లోనే గది అద్దె కట్టాలనీ అదే వాక్యంలో రాయండి.

అన్నిటికన్నా వివరంగా రాయవలసింది పని గురించి. మన ఆసుపత్రుల్లో రోగికి స్నానం చేయించడం, తినిపించడం, బట్టలు మార్చడం ఎక్కువగా వెంట వచ్చిన ఇంటివారో ఆయాలో చేస్తారు. వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రి వార్డుల్లో మంచానికొకరుగా కూర్చున్న బంధువులను చూసిన ఎవరికైనా ఇది తెలుసు. ఇక్కడ ఆ పనులన్నీ నర్సింగ్‌లో భాగమే, వృద్ధుల సంరక్షణలో అయితే రోజంతా వాటితోనే గడుస్తుంది. ఇంజెక్షన్లు, సెలైన్లు, డాక్టరు వెంట రౌండ్లు అలవాటైన నర్సుకు మొదటి నెలల్లో తన చదువు తక్కువైపోయినట్టు అనిపించవచ్చు. నా దృష్టిలో ఆ పని ఎంతో గౌరవనీయమైనది, రోగి చర్మాన్నీ ఆకలినీ భయాన్నీ దగ్గరగా గమనించేది అప్పుడే. అయినా అది తనకు నచ్చుతుందా లేదా అన్నది ఆమె బయలుదేరక ముందే ఆలోచించుకోవాలి.

రోగుల గురించి రాసేటప్పుడు పేర్లు, ఫోటోలు, గుర్తుపట్టగల వివరాలు పంపకండి. వార్డులో తీసుకున్న సెల్ఫీలో వెనుక మంచం కనిపించినా తప్పే. రోగి రహస్యాన్ని బయటపెట్టడం జర్మనీలో నేరం, శిక్షణలో ఉన్నవారికీ అది వర్తిస్తుంది.

ఫోను ఉండగా ఉత్తరాలెందుకని కొందరు అంటారు. వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు మన ఊరి కన్నా వెనుక ఉంటాం. మీ షిఫ్టూ ఆమె షిఫ్టూ కలవవు. అలసిపోయి మాట్లాడినప్పుడు "అంతా బాగుంది" అన్న మాటే వస్తుంది. తీరికగా రాసినదాన్ని ఆమె అమ్మానాన్నలకు కూడా చదివి వినిపించగలరు. మీరూ ఆమెను అడగండి: హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర ఈసారి సద్దుల బతుకమ్మ ఎలా జరిగింది, ఆమె వార్డులో రాత్రి డ్యూటీలు ఎలా ఉన్నాయి అని. ఆమె జీవితం గురించి అడగని ఉత్తరాలు సలహా పత్రాల్లా మారిపోతాయి.

ఈసారి ఉత్తరంలో ఆమెకు మూడు పనులు చెప్పండి. కాలేజీ నుంచి ఏ సబ్జెక్టుకు ఎన్ని గంటలు చదివారో, ఎక్కడెక్కడ క్లినికల్ చేశారో తెలిపే పత్రాన్ని ముందే తీసుకోవాలి. ఉద్యోగం మానకుండానే జర్మన్ మొదలుపెట్టాలి. ఏ ఏజెంటుకైనా డబ్బు కట్టే ముందు, జర్మనీకి నర్సులను పంపే కార్యక్రమాలు నడిపే తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో విచారించాలి.