పోస్టింగ్ నుంచి రోజూ ఏడుస్తూ వస్తోంది, నర్సింగ్ మాన్పించేయమంటారా?

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అమ్మాయి శ్రీకాకుళంలో బీఎస్సీ నర్సింగ్ మూడో సెమిస్టరు చదువుతోంది. మెడికల్ వార్డు పోస్టింగ్ పడిన దగ్గర్నుంచి ఇంటికొచ్చి ఏడుపే. పొద్దస్తమానం బీపీలు, టెంపరేచర్లు, దుప్పట్లు మార్చడం తప్ప ఏమీ నేర్పట్లేదంటుంది. ఒకరోజు పేషెంట్ల ముందే మేడమ్ కేకలేశారట. చేసిన పని గురించి ఆలోచించి రాసుకునే రిఫ్లెక్టివ్ డైరీ రాయమంటే సీనియర్ల పుస్తకం చూసి దింపేస్తోంది. మాన్పించి మామూలు డిగ్రీలో వేసేయమంటారా?

జవాబు: అమ్మా, ఇప్పుడే మాన్పించకండి. మీరు రాసినదాంట్లో మీ అమ్మాయికి ఈ చదువు సరిపడదనడానికి గుర్తేమీ కనిపించలేదు. చేసిన పని గురించి ఆమెతో కూర్చుని మాట్లాడే మనిషి లేరని మాత్రం తెలుస్తోంది. అది సరిచేసుకోగలిగిందే.

ముందు ఒక లెక్క. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ కొత్త సిలబస్ ప్రకారం పరీక్ష రాయడానికి 80 శాతం హాజరు చాలు గానీ, పట్టా చేతికి రావాలంటే ప్రతి ప్రాక్టికల్ విభాగంలోనూ హాజరు 100 శాతం పూర్తవ్వాలి. బాధగా ఉందని ఈవేళ మానేసిన డ్యూటీ ఎప్పటికైనా చేసి తీరాల్సిందే. అందుకని నాగాలు పెట్టనివ్వకండి.

ఇక బీపీల సంగతి. అది చిన్న పనని ఆమె అనుకుంటోంది గానీ వార్డులో ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. చేతికి చుట్టే పట్టీ కింది అంచు మోచేతి మడతకి రెండు, మూడు సెంటీమీటర్ల పైన ఉండాలి. లోపలి రబ్బరు సంచి చేతి చుట్టుకొలతలో 80 శాతం వరకూ రావాలి. లావు చేతికి చిన్న పట్టీ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని, అది ఆగిన అంకె మీద ఇంకో 30 పెంచి, సెకనుకి రెండు మూడు అంకెల చొప్పున గాలి వదలాలి. హడావుడిగా వదిలేస్తే మొదటి చప్పుడు దాటిపోతుంది, పై అంకె తగ్గి కనిపిస్తుంది. చార్టులో పదిమందికీ వరసగా 120/80, 130/80 అని ఉంటే వినకుండా రాసినట్టేనని చూడగానే చెప్పొచ్చు, ఎందుకంటే ఆ యంత్రం మీద గీతలు రెండేసి అంకెలకి ఉంటాయి, నిజంగా వింటే అందరికీ సున్నాతోనే ముగియదు.

శ్రీకాకుళం వార్డుల్లో ఇంకొకటుంది. ఉద్దానం వైపు నుంచి కిడ్నీ జబ్బుతో వచ్చేవాళ్లు అక్కడ కొత్త కాదు. డయాలసిస్ కోసం ఫిస్టులా చేసిన (ఆపరేషన్‌తో ధమనినీ సిరనీ కలిపిన) చేతికి బీపీ పట్టీ కట్టకూడదు, రక్తం తీయకూడదు, సెలైన్ పెట్టకూడదు. పట్టీ బిగిస్తే అక్కడ రక్తం గడ్డకట్టి ఫిస్టులా మూసుకుపోయే ప్రమాదం ఉంది. అది పాడైతే ఆ మనిషికి మళ్లీ ఆపరేషనే.

డైరీ ఎందుకో ఇక్కడ తెలుస్తుంది. "ఈరోజు 15 మందికి వైటల్స్ (బీపీ, నాడి, టెంపరేచర్) చూశాను, చాలా నేర్చుకున్నాను" అని రాస్తే అది హాజరుపట్టీ అవుతుంది, డైరీ కాదు. గిబ్స్ అనే ఆయన 1988లో చెప్పిన ఆరు మెట్ల పద్ధతినే చాలా కాలేజీలు వాడతాయి: ఏం జరిగింది, ఏమనిపించింది, ఏది బాగుంది ఏది లేదు, ఎందుకలా అయింది, ఇంకేం చేసుండొచ్చు, ఇకమీదట ఏం చేస్తాను. ఉదాహరణకి ఇలా ఉండాలి:

"రౌండ్సు మొదలయ్యేలోపు అయిపోవాలన్న తొందరలో ఎడమ చేతికి పట్టీ చుట్టబోయాను. 'ఏటమ్మా, ఆ సెయ్యికి కట్టకు' అని పేషెంటే ఆపారు. సిగ్గేసింది, భయమూ వేసింది. వెంటనే ఆపి చెయ్యి మార్చాను, అది బాగుంది. కేస్ షీటు చూడకుండా మంచం దగ్గరికి వెళ్లాను, అది బాగోలేదు. ఆయన దుప్పటి కప్పుకుని ఉన్నారు, చెయ్యి కనబడలేదు, నేను తీసి చూడనూ లేదు. ముందే అడిగి ఉండాల్సింది. రేపటి నుంచి పట్టీ విప్పే ముందే రెండు చేతులూ బయటపెట్టించి, 'ఏ చేతికి వద్దన్నారు?' అని అడుగుతాను. మంచం దగ్గర 'ఎడమ చెయ్యి వద్దు' అని కాగితం అంటించమని సిస్టర్‌ని అడుగుతాను."

ఇది సీనియర్ల పుస్తకంలో దొరకదు. రాయడానికి పావుగంట చాలు, కానీ ఆ రోజే రాయాలి. మర్నాటికి ఏం జరిగిందో గుర్తుంటుంది గానీ ఎందుకు జరిగిందో జారిపోతుంది. డ్యూటీలో జేబు పుస్తకంలో రెండు ముక్కలు గీసుకుని, ఇంటికొచ్చాక విడమరిచి రాసుకోమనండి. వారానికి రెండు సంఘటనలు నిజంగా రాస్తే మేలు, రోజూ దింపడం దండగ. పేషెంటు పేరు, మంచం నంబరు, ఓపీ నంబరు అందులో రాయకూడదు. వార్డులో ఫొటో తీసి స్టేటస్ పెట్టడమైతే అసలే వద్దు.

ఉద్యోగానికీ ఇది అక్కరకొస్తుంది. బ్రిటన్‌లో నర్సులు మూడేళ్లకోసారి రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవాలంటే ఇలాంటివి 5 రాసి ఉండాలి.

ఇక "ఏమీ నేర్పట్లేదు" అన్న మాట. కౌన్సిల్ లెక్క ప్రకారం పదిమంది విద్యార్థులకి ఒక టీచరు. అంతమందిలో "నాకు నేర్పండి మేడమ్" అంటే ఎవరికీ ఏం చేయాలో తోచదు. డ్యూటీ మొదట్లోనే ఒక్క పని పేరు పెట్టి అడగాలి: "సిస్టర్, ఈవేళ డ్రిప్ సెట్ చేయడం మీ పక్కన ఉండి చూస్తాను. రెండోది మీరు చూస్తుండగా నేను చేస్తాను." లెక్క ముందే కట్టుకుని వెళ్తే ఇంకా మంచిది. 500 మిల్లీలీటర్లు 4 గంటల్లో వెళ్లాలి, సెట్టు మిల్లీలీటరుకి 20 చుక్కలదైతే 500ని 20తో గుణించి 240 నిమిషాలతో భాగిస్తే నిమిషానికి 42 చుక్కలు. 15 చుక్కల సెట్టైతే 31. సెట్టు కవరు మీద అంకె చూడకపోతే ఇక్కడే బోల్తా పడతారు. సరిగ్గా కట్టినా పేషెంటు మోచెయ్యి మడిచినా చాచినా వేగం మారిపోతుంది, అందుకే పావుగంటయ్యాక మళ్లీ వెళ్లి లెక్కపెట్టాలి. కిడ్నీ పేషెంటుకి నీరు ఎక్కువైతే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది కాబట్టి ఈ లెక్క ప్రాణం మీదిది. డ్యూటీ అయ్యాక మేడమ్‌ని అయిదు నిమిషాలు అడిగి, ఏది సరిగ్గా చేశానో, ఏది మార్చుకోవాలో ఒక్కొక్కటి చెప్పించుకోవాలి.

కేకల విషయం. పేషెంటుకి హాని జరగబోతుంటే టీచరు గట్టిగా ఆపాల్సిందే, దాన్ని తిట్టుగా తీసుకోకూడదు. అయిపోయిన తప్పుని నలుగురి ముందు ఎత్తిచూపడం వేరు. దానివల్ల పిల్లలు తప్పులు దాచడం నేర్చుకుంటారు. మరుసటిరోజు నెమ్మదిగా, "మేడమ్, మీరన్నది నిజమే. అందరి ముందు అనేసరికి చేతులు వణికి తర్వాత చెప్పింది బుర్రకెక్కలేదు. పక్కకి పిలిచి చెప్పండి, సరిచేసుకుంటాను" అని చెప్పమనండి. మారకపోతే క్లాసు కోఆర్డినేటర్‌కి, ఆ తర్వాతే ప్రిన్సిపాల్‌కి. మీరు వార్డుకెళ్లి గొడవపడొద్దు, ఆ భారం మళ్లీ ఆమె మీదే పడుతుంది.

రాత్రి అన్నం దగ్గర "ఏం నేర్చుకున్నావే?" అని అడగడం మానేసి, "ఈవేళ నీకు దేంట్లో అనుమానమొచ్చింది? ఎవర్నడిగావు?" అని అడిగి చూడండి. ఒక నెల ఇలా గడిపాక కూడా తిండి, నిద్ర లేకుండా కుంగిపోతుంటే అది చదువు సమస్య ఒక్కటే కాదు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు.

దాచడం గురించి అన్నాను కదా, అన్నిటికన్నా భయం సూది గుచ్చుకోవడం దాస్తారేమోనని. గుచ్చుకుంటే పిండకూడదు, సబ్బునీళ్లతో కడిగి అప్పుడే ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పాలి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే 2 గంటల్లోపు మొదలుపెట్టడం మంచిది, 72 గంటలు దాటితే లాభం లేదు, మొదలుపెడితే 28 రోజులు వాడాలి. "తిడతారని నాకు చెప్పకుండా ఉండొద్దమ్మా" అని మీ నోటితో ఒక్కసారి చెప్పండి. అలాగే హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో ఆమె కార్డు తీసి చూడండి. మూడోది మొదటిదానికి ఆరు నెలలకి పడుతుంది, మరిచిపోయేదీ ఎక్కువగా అదే.