భుజం కుదిరితే సగం కుదిరినట్టే
(పాఠకుల ప్రశ్నలు – ఫ్యాషన్)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్వీడన్, డెన్మార్క్ డిజైనర్ల చలికాలపు దుస్తుల గురించే. వాటిలో నాలుగింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: స్వీడన్ బ్రాండు టోటేమ్ వాళ్ల స్కార్ఫ్ జాకెట్ (మెడ దగ్గర స్కార్ఫు కలిసి ఉండే ఉన్ని జాకెట్) మీద మనసు పడింది. నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. షాపులో వేసుకుని చూస్తే దుప్పటి కప్పుకున్నట్టుంది. చిన్న సైజు తీసుకోవాలా, మానేయాలా?
– ఒక పాఠకురాలు, స్టాక్‌హోమ్

జవాబు: మానేయక్కర్లేదు. కానీ సైజు తగ్గించే ముందు మూడు చోట్ల చూడండి. 2014లో ఎలిన్ క్లింగ్, కార్ల్ లిండ్‌మన్ మొదలుపెట్టిన ఈ బ్రాండు బట్టలు కావాలనే వదులుగా కోస్తారు. ఆ వదులు ఒంటి దగ్గర ఉండాలి, చేతుల దగ్గర కాదు. భుజం కుట్టు మీ భుజం ఎముక దాటి 2–3 సెంటీమీటర్లు కిందికి జారితే ఫర్వాలేదు. 5 దాటిందంటే ఒక సైజు తగ్గించండి. జాకెట్‌ను బల్ల మీద పరిచి చంక నుంచి చంకకి కొలిచి రెట్టింపు చేయండి. అది మీ ఛాతీ కొలత కంటే 18–20 సెంటీమీటర్లు ఎక్కువుంటే లోపల స్వెట్టర్ వేసుకున్నా హాయిగా ఉంటుంది.

మూడోది చేతుల పొడుగు. అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. అంచుల వెంబడి వేరే రంగు దారంతో వేసిన పెద్ద కుట్లే ఈ జాకెట్‌కు అందం. చేతులు పొడుగయ్యాయని దర్జీ మణికట్టు దగ్గర కత్తిరిస్తే ఆ కుట్లూ పోతాయి. భుజం విప్పి పైనుంచి తగ్గించాల్సిందే, దానికి ఖర్చెక్కువ. కాబట్టి చెయ్యి మణికట్టు ఎముక దాటి 2 సెంటీమీటర్ల లోపు ఆగితేనే కొనండి.

పొట్టివాళ్లు స్కార్ఫును మెడ చుట్టూ తిప్పి భుజం వెనక్కి వేస్తే మెడ మాయమైపోతుంది. ముందు వైపు నిటారుగా వేలాడనివ్వండి, ఆ నిలువు గీత ఎత్తు చూపిస్తుంది. జుట్టు ముడి వేసుకోండి, చెవులకి దిద్దులు చాలు. కింద నడుము పైదాకా వచ్చే తిన్నని ప్యాంటు, జాకెట్ రంగుకు దగ్గర రంగులో వేసుకోండి. అడ్డంగా వేసుకునే బ్యాగు మాత్రం వద్దు. పట్టీ రాసుకున్న చోట ఉన్ని ఉండలు కడుతుంది, కుట్లు లాగుకుపోతాయి. ఉంగరానికి తగిలి కుట్టు ఉచ్చులా బయటికొస్తే కత్తిరించకండి. మొన తేలని సూదితో ఆ వదులును అటూఇటూ ఉన్న కుట్లలోకి కొంచెం కొంచెంగా సర్దేయండి.

ప్రశ్న: డిసెంబరులో విజయవాడలో తమ్ముడి పెళ్లి. రిసెప్షన్‌కు సెసిలీ బాన్సెన్ తెల్ల గౌను వేసుకోవాలనుకుంటున్నాను. వీపు తెరిచి రిబ్బన్లతో కట్టుకునే రకం. మనవాళ్ల మధ్య బాగుంటుందా? దాన్ని పాడవకుండా తీసుకెళ్లడం ఎలా?
– ఒక పాఠకురాలు, మాల్మో

జవాబు: రిసెప్షన్‌కు సరే. ముహూర్తానికి మాత్రం చీరే కట్టుకోండి, పెద్దవాళ్ల మాట ఎందుకు పడాలి! 2015లో కోపెన్‌హేగన్‌లో ఈ డిజైనర్ సొంత బ్రాండు పెట్టినప్పటి నుంచీ గౌనును ఎత్తు మడమల చెప్పులతో కాక చదునైన బూట్లతో, టీషర్టు మీదా ప్యాంటు మీదా వేసుకునేలా చూపిస్తున్నారు. లోపల మరొకటి వేసుకోవడం ఈ బట్టల తీరులోనే ఉంది. మనకు అది కలిసొస్తుంది.

వీపు కోసం కొత్తగా ఏమీ కొనకండి. మోచేతిదాకా చేతులున్న మీ రా సిల్క్ జాకెట్టు, ముదురు ఆకుపచ్చో వంకాయ రంగో, గౌను లోపల వేసుకోండి. రిబ్బన్ల మధ్య నుంచి కనిపించే ఆ పట్టు రంగే మీ అలంకారం. మగ్గం వర్కు జాకెట్టు మాత్రం వద్దు. ఈ గౌన్లలో చాలావాటికి పైన దారాలు తేలి, కత్తిరించిన చివరలు కుచ్చుల్లా ఉండే నేత వాడతారు. దాన్ని ఫిల్ కూపే అంటారు. పూసలకీ జర్దోసీకీ అది పట్టుకుందంటే దారం బయటికొచ్చేస్తుంది. వంకీ, రాళ్ల గాజులు, కొక్కేలున్న వడ్డాణం కూడా ఇంట్లోనే ఉంచండి. నున్నటి బంగారు గాజులు, జూకాలు చాలు.

పొడుగు ఎక్కువైతే అంచు కత్తిరించవద్దు. కుచ్చులన్నీ అంచు బరువును లెక్కపెట్టుకుని వేసినవి, అంచు పోతే గౌను పైకి లేచి గొడుగులా నిలబడుతుంది. భుజం పట్టీల దగ్గర 2 సెంటీమీటర్లు పైకి తీయించండి. అంతకు మించితే చంక కింద కోస్తుంది.

ఇక సర్దడం. మాతలాసే అనే ఉబ్బెత్తు నేత అయితే గాలి తీసే ప్లాస్టిక్ సంచిలో పెట్టారో, ఉబ్బు అణిగిపోతుంది. తిరగేసి, కుచ్చుల మధ్య పల్చని కాగితం ఉండలు పెట్టి, సూట్‌కేసులో అన్నిటికంటే పైన పరవండి. దిగాక ఇస్త్రీ పెట్టె తగలనివ్వకండి, అది నేతను చదును చేసేస్తుంది. వేణ్ణీళ్లు వదిలిన బాత్రూములో అరగంట వేలాడదీయండి. ఇంకా ముడతలుంటే లోపలి వైపు నుంచి, నాలుగు వేళ్ల దూరంలో స్టీమర్ పట్టండి. గౌను బరువు నేత అయితే ఏసీ లేని మండపంలో గంట కూడా భరించలేరు, హాలు సంగతి ముందే కనుక్కోండి.

ప్రశ్న: డెన్మార్క్ బ్రాండు గన్నీ వాళ్ల పెద్ద కాలర్ షర్టును చీరకు జాకెట్టుగా వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వాడొచ్చు, చీర నున్నగా ఉంటే. పెద్ద అంచులూ బుటాలూ లేని మంగళగిరి నూలు చీర దానికి సరిజోడు. పైట కాలర్ కిందినుంచి పోవాలి. పైనుంచి వేస్తే కాలర్ మడతపడి ఒకవైపు వాలుతుంది. పిన్నీసు చీరకూ షర్టు భుజం కుట్టుకూ కలిపి పెట్టండి, కాలర్ గుడ్డకు గుచ్చితే రంధ్రం మిగులుతుంది. కాలర్ వరకే పల్చని గంజి పెట్టండి. షర్టు కింది భాగం లంగాలోకి దోపితే కుచ్చెళ్ల దగ్గర ఎత్తుగా వస్తుంది, నడుము దగ్గర ముడి వేసుకోండి.

ప్రశ్న: అమ్మాయి డెన్మార్క్ నుంచి తెచ్చిన ఉన్ని కోటు బీరువాలో పెట్టాను. వానాకాలం తర్వాత చూస్తే చిన్న చిన్న చిల్లులు.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చిల్లులు చేసేది చిమ్మెట పిల్లపురుగు. చెమట, నూనె, తిండి మరకలున్న చోటే దానికి ఇష్టం. అందుకే తొడిగిన కోటును శుభ్రం చేయించకుండా దాచకూడదు. ఇప్పుడు ముందుగా కోటును గట్టిగా దులిపి, కాలర్ కింద, జేబుల్లో, కుట్ల వెంట బ్రష్ చేయండి. ప్లాస్టిక్ సంచిలో మూసి, -18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక సంచి వెంటనే విప్పకండి. గది వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే ఉన్ని మీద నీరు చేరుతుంది. బీరువా మూలలు కూడా దులపండి, గుడ్లు అక్కడా ఉండొచ్చు.

తర్వాత డ్రై క్లీనింగ్ చేయించి, షాపువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు పారేయండి, మీ ఊరి తేమకు అందులో బూజు పడుతుంది. పాత నూలు చీర చుట్టి, వెడల్పు భుజాల హ్యాంగరుకు తగిలించండి. వేపాకు వాసనకు పెట్టుకుంటే పెట్టుకోండి, చిమ్మెటకు అది సరిపోదు. చిల్లులు పెసరగింజంత ఉంటే రఫూ చేసేవారు లోపలి మడత నుంచి తీసిన దారంతోనే పూడ్చగలరు.