సత్రంలో ‘త్ర’ ఎక్కడిది?

ప్రశ్న: వస్త్రం, పాత్ర, మంత్రం, సత్రం... తిరుపతిలో రోజూ వినబడే ఈ మాటల చివరి ‘త్ర’ అంతా ఒకటేనా? యూరప్ భాషల్లో దీనికి చుట్టాలున్నారా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఒకటేనండీ. పనికి సాధనమైనదాన్ని, కొన్నిసార్లు పనినే, చెప్పే ప్రత్యయం ఇది. సంస్కృత వ్యాకర్త పాణిని దీన్ని ‘ష్ట్రన్’ అన్నాడు (అష్టాధ్యాయి 3.2.182). ‘నీ’ అంటే నడిపించడం. నడిపించేవాడు నేత, నడిపించేది నేత్రం. శ్రోత–శ్రోత్రం, శాస్త–శాస్త్రం కూడా ఇలాంటి జంటలే. ఈ జత కుదిరిందంటే మీరు సరైన ‘త్ర’నే పట్టుకున్నట్టు.

సంస్కృతం, గ్రీకు, లాటిన్ లాంటివాటికి మూలమైన ఇండో-యూరోపియన్ భాషలో దీన్ని *-త్రోమ్, *-త్లోమ్ అని పునర్నిర్మించారు. సంస్కృతంలో రెండూ ‘త్ర’లో కలిసిపోయాయి. లాటిన్‌లో మాత్రం ‘త్ల’ కాస్తా ‘క్ల’ అయి, మధ్యలో అచ్చు చేరి ‘కుల’ అయింది. అందుకే మన పాత్రకు అక్కడి తోడు ‘పోకులుమ్’. రెండింటి ధాతువుకూ అర్థం తాగడమే. నాగలి గ్రీకులో ‘అరోత్రోన్’, లాటిన్‌లో ‘అరాత్రుమ్’. సంస్కృతంలో పడవ తెడ్డు ‘అరిత్రం’. ఇంగ్లీషు ‘రడ్డర్’ (చుక్కాని) ఈ అరిత్రానికి బంధువే.

ఇక సత్రం. సద్ (కూర్చోవడం) + త్ర. ‘త’ ముందు ‘ద’ కూడా ‘త’ అయి ‘సత్త్రం’ వచ్చింది. మొదట్లో అది రోజుల తరబడి కూర్చుని చేసే సోమయాగం. తర్వాత అన్నం పెట్టే చోటు, బస. తెలుగులో ఒక ‘త’ జారిపోవడంతో ధాతువు కనబడకుండా పోయింది. ఛద్ (కప్పడం) నుంచి వచ్చిన ఛత్రానిదీ అదే కథ.

అత్ర, తత్ర, సర్వత్ర మాత్రం ఇందులో కలపకండి. అది సర్వనామాలకు చేరే వేరే ప్రత్యయం.