ఎండాకాలం కుక్కకు మజ్జిగ ఐస్ పెట్టొచ్చా?

సందేహం: మాది చెన్నై శివారు, రెడ్‌హిల్స్ దగ్గర. పన్నెండు గేదెలతో డెయిరీ నడుపుతున్నాం. షెడ్డు కాపలాకు రెండు రాజపాళయం కుక్కలున్నాయి, ఇంట్లో ఒక పగ్ ఉంది. కత్తిరి ఎండ మొదలైన దగ్గర్నుంచి మూడూ ఒకటే రొప్పడం. పిల్లలు తాము తినే ఐస్‌క్రీమే వాటికీ పెడుతున్నారు. ఇంట్లో పెరుగుతో ఐస్ చేసి పెట్టొచ్చా? ఐస్ తింటే కుక్క కడుపు ఉబ్బి చచ్చిపోతుందని వాట్సాప్‌లో వచ్చింది. నిజమేనా?

– ఒక పాడి రైతు

సలహా: పెట్టొచ్చండి. ఐస్‌క్రీమ్ మాత్రం ఈరోజే మాన్పించండి.

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పినప్పుడు నాలుక మీది, నోట్లోని తడి ఆరుతుంది, దాంతో ఒళ్లు చల్లబడుతుంది. చెన్నై గాలిలో తేమ ఎక్కువ. తీగ మీద వేసిన బట్టే సాయంత్రానికి ఆరని రోజులుంటాయి, ఇక నాలుక మీది తడి ఏం ఆరుతుంది? పగ్‌కు ముక్కు చప్పిడి కాబట్టి ఆ రొప్పడం కూడా సరిగ్గా చేతకాదు. మీ మూడింటిలో నాకు టెన్షన్ దాని గురించే.

మీ ఇంట్లో వెన్న తీసిన మజ్జిగ ఎటూ ఉంటుంది. గేదె పెరుగు కంటే అదే మేలు. గేదె పాలలో వెన్న ఆరు, ఏడు శాతం ఉంటుంది. మీగడ పెరుగు రోజూ పెడితే లావు కుక్కలకు క్లోమం వాచి వాంతులు పట్టుకోవచ్చు. పచ్చిపాలూ వద్దు, ఎదిగిన కుక్కలు చాలావాటికి పాలలోని చక్కెర అరగదు. తోడుపెట్టాక ఆ చక్కెర కొంత తగ్గుతుంది కాబట్టి మజ్జిగ పడుతుంది. ఇక్కడ మజ్జిగ అంటే ఉత్త మజ్జిగే. చలివేంద్రాల్లో పోసే నీర్‌మోర్ కాదు. ఉప్పు, అల్లం, పచ్చిమిర్చి, ఇంగువ ఏదీ పడకూడదు.

ఒక గ్లాసు చిక్కటి మజ్జిగలో ఒక గ్లాసు పుచ్చకాయ ముక్కలు గింజలు తీసి వేసి, మిక్సీలో ఒక తిప్పు తిప్పండి. పుచ్చకాయ బదులు కర్బూజా గానీ, సగం అరటిపండు గానీ వేసుకోవచ్చు. అచ్చులు కొనక్కర్లేదు. సాంబారులో వేసే చిన్న ఇడ్లీల ప్లేటు సరిగ్గా సరిపోతుంది. నాలుగైదు గంటల్లో గడ్డకడుతుంది. పెట్టే ముందు ప్లేటు అడుగున కుళాయి నీళ్లు పోస్తే ముక్కలు వాటంతటవే ఊడివస్తాయి. అప్పుడు మూడు, నాలుగు నిమిషాలు బయట ఉంచండి. అంచు కరిగి, వేలితో నొక్కితే కాస్త లోపలికి పోవాలి. రాయిలా ఉన్న ఐస్‌ను కటుక్కున కొరికితే దవడ పన్ను చీలిపోతుంది. ప్లేటుతో పాటు నాకించకండి, ఫ్రీజర్‌లోంచి తీసిన స్టీలుకు నాలుక అతుక్కుంటుంది. పుల్ల గుచ్చి చేయడం అసలే వద్దు. పుల్లతో సహా మింగిన కుక్కకు కడుపు కోసి తీయాల్సి వచ్చిన కేసు నేను చూశాను. పిల్లలకు ఆ ముచ్చటే ఎక్కువని తెలుసు, అయినా వద్దు.

పగ్‌కు రోజుకు రెండు చిన్న ఇడ్లీలంత, రాజపాళయాలకు ఐదారు చాలు. విరేచనం పల్చబడితే వారం ఆపండి.

ఇందులో ఏం వేశారన్న దానికంటే ఏం వేయలేదన్నదే నేను ముందు అడుగుతాను. ద్రాక్ష, కిస్మిస్ ఒక్కటి కూడా వద్దు, కిడ్నీలు పాడవుతాయి. వాటిలోని టార్టారిక్ ఆమ్లమే కారణమని పశువైద్యులు ఇప్పుడు భావిస్తున్నారు. ఆ ఆమ్లం మన చింతపండులోనూ దండిగా ఉంది, కాబట్టి మిగిలిన పులిహోర, చారన్నం కుక్క గిన్నెలో వేసే అలవాటుంటే అదీ మానండి. చాక్లెట్ విషమే. షుగర్‌ఫ్రీ అని రాసినవాటిలో చక్కెర బదులు తీపికి వేసే జైలిటాల్ ఉంటే కుక్క రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. కొన్ని పీనట్ బటర్ డబ్బాల్లోనూ ఇది ఉంటుంది, లేబుల్ చదవండి. చికెన్ ఉడికించిన నీళ్లు గడ్డకట్టించి పెట్టొచ్చు గానీ ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు, ఎముక ఉండకూడదు.

వాట్సాప్ మాటకొస్తే, కడుపు ఉబ్బే జబ్బు నిజమే. రాజపాళయాల్లా ఛాతీ లోతుగా ఉండే కుక్కల్లో కడుపు గాలితో నిండి మెలితిరుగుతుంది, గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. నేరం మాత్రం ఐస్‌ది కాదు. రోజుకు ఒకేపూట గిన్నెడు తిండి పెట్టడం, కుక్క దాన్ని గబగబా మింగడం ఈ ముప్పును పెంచుతాయి. తిండి రెండు పూటలుగా పంచండి, తిన్న వెంటనే పరుగెత్తనివ్వకండి.

ఇంకోమాట. ఐస్ ముచ్చటకే, వడదెబ్బకు మందు కాదు. నాలుక ముదురు ఎరుపుకు తిరిగి, చొంగ జిగురుగా సాగి, నడక తూలితే నోట్లో ఐస్ కుక్కకండి. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. 104 దాటితే ఆగే పని లేదు. గేదెలను కడిగే పైపుతోనే ఒళ్లంతా తడిపి, ఫ్యాను పెట్టి, అప్పుడు బండెక్కించండి. దగ్గర్లో డాక్టరు దొరక్కపోతే వేపేరి పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పగ్ బరువు ఎంతో మీరు రాయలేదు. దాణా తూచే కాటా మీద మీ అబ్బాయిని దాన్ని ఎత్తుకుని నిలబడమనండి, తర్వాత అబ్బాయి బరువు తీసేయండి. పది కిలోలు దాటితే ఐస్ సంగతి తర్వాత చూద్దాం, ముందు దాని తిండి తగ్గించాలి.